తెరచాప పడవలో మెట్లను తిరిగి రూపొందించడం

మెట్టు ఎత్తును రెట్టింపు చేసి, దానికి అడుగుపెట్టే పలక వెడల్పును కలిపితే సుమారు 60 నుంచి 65 సెం.మీ. రావాలన్నది ఇంటి మెట్ల సూత్రం. 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లోండెల్ పేరుతో ప్రసిద్ధమైన ఈ సూత్రానికి మనిషి మామూలు నడకే ఆధారం. ఆ నడకకు చోటులేని సందర్భాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

సముద్రంలో తిరిగే తెరచాప పడవలో చుక్కాని పట్టేవారు ఉండే చోటును కాక్‌పిట్ అంటారు. అక్కడి నుంచి కింది క్యాబిన్‌లోకి మెట్లు దిగుతాయి. (హుస్సేన్‌సాగర్ పోటీల్లో కనిపించే లేజర్ పడవలకు క్యాబినే ఉండదు, ఈ చిక్కూ ఉండదు.) వంటపొయ్యి సాధారణంగా ఈ మెట్ల పక్కనే ఉంటుంది. మరుగుతున్న నీళ్ల పక్కన కాలు జారితే ఏమవుతుందో, ఆసుపత్రి ఎంత దూరమో ఊహించండి.

దిగవలసిన ఎత్తు 135 సెం.మీ., ముందుకు దొరికే జాగా 60 సెం.మీ. అనుకుందాం. ఎత్తును 5 భాగాలు చేస్తే మెట్టు 27 సెం.మీ.; మధ్యలో 4 పలకలు, ఒక్కోదానికి 15 సెం.మీ. సూత్రం ప్రకారం 69. ఆరు భాగాలు చేస్తే మెట్టు 22.5, పలక 12, మొత్తం 57. రెండూ సూత్రానికి దగ్గరగానే ఉన్నాయి కదా! కాని 12 సెం.మీ. పలక మీద సగం పాదం కూడా ఆనదు. సూత్రం సరిపోయింది, పాదం సరిపోలేదు. అందుకే 5 భాగాలే మేలు. పలకల మధ్య వెనకవైపు తెరిచి ఉంచితే, పలకను 20 సెం.మీ. వరకు పెంచి పైదాని కిందికి జరపవచ్చు. మెట్లకు ముఖం పెట్టి దిగేవారి కాలివేళ్లకు చోటు దొరుకుతుంది. వెనక ఇంజన్ పెట్టె ఉంటే ఈ వెసులుబాటు తగ్గుతుంది. అప్పుడు మెట్లు ఊడదీయడానికి వీలుగా ఉండాలి, పడవ ఎంత ఊగినా వాటంతట అవి ఊడకుండా కొక్కేలూ ఉండాలి.

అసలు కష్టం పడవ ఒరిగినప్పుడు వస్తుంది. 20 డిగ్రీలు ఒరిగితే పలక కూడా అంతే వాలుతుంది. పాదం జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం కనీసం 0.36 ఉండాలి. తడిసిన వార్నిషు చెక్కను అంత నమ్మలేం. కాబట్టి పలక రెండు కొసలనూ 20 డిగ్రీలు పైకి వంచుతారు. పడవ ఒరిగిన వైపు కొస అప్పుడు సమతలమవుతుంది, కాలు అక్కడ నిలుస్తుంది. గరుకు పట్టీలు, ఇరువైపులా పట్టుకునే కడ్డీలు ఎలాగూ తప్పవు.

ఒక మెట్టు తగ్గించుకోవడానికి ద్వారం గడపను కిందికి కోయాలన్న ఆశ కొందరికి పుడుతుంది. అది వద్దు. 15 మంది పోటీదారులు మరణించిన 1979 ఫాస్ట్‌నెట్ పోటీలో, ద్వారానికి అడ్డుగా పెట్టిన పలకలు ఊడిపోయి కొన్ని పడవల్లోకి నీరు చేరింది. గడప ఎత్తు ఆ నీటికి అడ్డుకట్ట.

అభ్యాసం: ఎత్తు 120 సెం.మీ., జాగా 48 సెం.మీ. అయితే ఎన్ని భాగాలు చేస్తారు? లెక్కతోపాటు కారణం రాయండి. వీలైతే అట్టముక్కలతో నమూనా చేసి, మీ పాదంతోనే కొలిచి చూడండి.