కార్డుంటే ఉద్యోగమొచ్చినట్టేనా?

పెళ్లయి అత్తారింటికెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతోపాటు ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజి కార్డునూ పెట్టెలో భద్రంగా దాచుకున్న అమ్మాయిలు గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. తూర్పు వాళ్లకి కాకినాడ, పశ్చిమ వాళ్లకి ఏలూరు. తెల్లారకుండానే బస్సెక్కి, క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డు మరి!

అయితే ఆ ఆఫీసు నడపడం బయటి నుంచి చూసినంత తేలిక కాదు. ఆఫీసరు చేతిలో ఉండేవి పేర్లే, ఉద్యోగాలు కావు. 1959 చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు, 25 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్‌ఛేంజికి తెలపాల్సి ఉండేది. తెలపాలనే రూలు, అక్కడి వాళ్లనే తీసుకోవాలని కాదు! కబురందాక చదువు, సీనియారిటీ చూసి, కార్డులు ఏరి జాబితా పంపేవారు. మూడేళ్లకోసారి రెన్యువల్ మరిచారో, సీనియారిటీ గోవిందా! పురుళ్లు, పిల్లల మధ్య ఆ తేదీ ఎందరికి గుర్తుంటుంది? అడ్రసు మార్పించుకోకపోతే కాల్ లెటరూ పుట్టింటికే చేరేది.

1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్‌ఛేంజి పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటించి, దరఖాస్తు పెట్టినవారందరినీ పరిశీలించాలంది. కార్డు లేనివాళ్లకి తలుపు తెరుచుకుంది. ఏళ్లతరబడి వరసలో ఉన్నవాళ్లకి మాత్రం మింగుడుపడి ఉండదు.

2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. అందులో పేరు నమోదుకు ఫీజు లేదు. నమోదు చేయిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. ఊరు మారితే అడ్రసు, ఫోన్ నంబరు మార్చడం మాత్రం మరవకండి.