పాచి తిను చేపలు – చెరువునకు ముప్పు

తొట్టి అద్దములకు పట్టిన పాచిని తినుటకై అంగళ్లలో రెండువిధముల చేపల నమ్ముదురు. రెంటికిని జన్మస్థానము దక్షిణ అమెరికా.

మొదటిది ఓటోసింక్లస్ అను చిన్న జెల్ల. ఎంత పెరిగినను రెండంగుళములు మించదు. గుంపు లేనిదే బెదరును. ఆరింటినైన కలిపి యుంచవలెను. క్రొత్త తొట్టిలో పాచి యుండదు గావున పస్తుండి చచ్చును. నేనును మొదటి తడవ నాలుగింటి నట్లే పోగొట్టుకొని, నీటిపై నేరము మోపితిని. అద్దమునకు పసరు పట్టిన పిమ్మటనే విడువవలెను. పాచి తరిగినచో ఉడికించిన దోసకాయముక్క వేసి, మిగిలినదానిని మరునాడు తీసివేయవలెను. కడుపు లోనికి పోయిన యెడల మేత చాలలేదని యెరుగునది.

రెండవది సక్కరు చేప. కొనునాడు వ్రేలెడు; పోను పోను అడుగు మించును. తొట్టి చాలక, చంప మనసొప్పక, చెరువులో వదలుదురు. ఆ దయయే అపకారము. దాని యొడలి యెముకపలకలకు వలలు చినుగును. గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. రవ్వ, బొచ్చెల మేతకు పోటీ వచ్చును. తెలుగునాట పెక్కు నీళ్లలో నిది యిదివరకే వ్యాపించినది. దయ్యపుచేప యని జాలరులు తిట్టుచున్నారు.

సూర్యాపేట ప్రాంతమున మూసీ కాలువలు, కోదాడ, మిర్యాలగూడలందు సాగరు ఎడమకాలువ పారుచున్నవి. ఒకచోట విడిచినది అచ్చటనే యుండదు. కావున సభ్యులు కొనుటకు ముందే యెంత పెరుగునో యడుగవలెను. పెంచజాలనిచో అంగడికే తిరిగి యీయుడు, కాలువలో వేయకుడు.