పాపం... పెట్రోలుదేనా?

కారు మైలేజీ తగ్గిందనగానే అందరి వేలూ బంకువైపే చూపిస్తుంది. ఒక్కోసారి ఆ అనుమానం నిజమే. చాలాసార్లు మాత్రం అసలు దొంగ మన బండిలోనో, మన అలవాట్లలోనో దాక్కుని ఉంటాడు. మరి తేల్చుకునేదెలా?

జీతం పడి వారం కాలేదు. అప్పుడే కారులో పెట్రోలు ముల్లు అడుగుకి దిగిపోయింది. విజయవాడలో ఓ ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఆయనకి అది మింగుడు పడలేదు. వాయిదాల మీద కొన్న కారు. కొన్నరోజు నుంచీ ఎన్ని లీటర్లు పోయించిందీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ డైరీలో రాసుకునే మనిషాయన. మొన్నటిదాకా లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చిన బండి జూన్ నెలాఖరుకి 14కి పడిపోయింది.

'బండి ఎక్కువ తాగుతోందా, మీ లెక్క తప్పిందా?' అడిగింది భార్య.

'నా లెక్క తప్పడమా? ఆ బంకులో ఏదో కలిపేస్తున్నారు'... తేల్చేశాడు.

షెడ్డులో మెకానిక్ కూడా అదే మాటన్నాడు. 'ఇప్పుడొచ్చే పెట్రోలంతా అంతే సార్!' ఇంకేం... అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. నేరుగా బంకుకి వెళ్లి గొడవపడ్డాడు. అయిదేళ్లుగా తనకి పెట్రోలు కొడుతున్న కుర్రాడి మీద యజమానికి ఫిర్యాదు చేశాడు. 'నేను కలపడానికి నా చేతిలో ఏముంది సార్, గొట్టం తప్ప!' అన్నాడా అబ్బాయి. ఎవరూ వినలేదు. రెండ్రోజులు పనిలోకి రావొద్దన్నారు.

ఆ తర్వాత ఆయన మరో బంకుకి మారాడు. అక్కడా 14. ఇంకో బంకు... అక్కడా అంతే! ఊళ్లో బంకులన్నీ కూడబలుక్కుని కల్తీ చేస్తున్నాయా?

లెక్క ఏం చెబుతోంది?

అనుమానం వచ్చినప్పుడు ముందు చెయ్యాల్సింది గొడవ కాదు, లెక్క. 17 నుంచి 14కి పడిపోవడమంటే సుమారు పదిహేడున్నర శాతం తగ్గినట్టు. దానికి కొలతలో మోసమే కారణమైతే లీటరుకు దాదాపు 175 మిల్లీలీటర్లు తక్కువ పోస్తూ ఉండాలి. ఎంత ఘరానా మోసగాడైనా అంత కక్కుర్తి పడితే వారంలో దొరికిపోతాడు.

మోసాలు లేవని కాదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ అధికారులు కలిసి ఓ ముఠాని పట్టుకున్నారు. పంపుల్లో ప్రత్యేకంగా చిప్పులు అమర్చి, మీటరు మీద లీటరు చూపిస్తూ 970 మిల్లీలీటర్లే పోసేలా చేసిన వ్యవహారమది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండుచోట్లా బంకులు బయటపడ్డాయి. అలాంటి బంకులో పోయించినా 17 ఇచ్చే కారు పదహారున్నర చూపిస్తుంది. జేబుకి చిల్లే, సందేహం లేదు. కానీ మూడు కిలోమీటర్ల తేడా మాత్రం దానివల్ల రాదు.

కల్తీ అయితే కారే చెబుతుంది

పెట్రోలులో కిరోసిన్ కలపడం ఒకప్పుడు పెద్ద వ్యాపారం. రేషన్ కిరోసిన్ చవక, పెట్రోలు ఖరీదు... ఆ తేడాయే మాఫియాని పెంచి పోషించింది. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కల్తీని అడ్డుకున్నందుకు ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ని 2005 నవంబరులో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. 2020 నాటికి రేషన్ కిరోసిన్ మీద రాయితీ లేకుండా పోవడంతో ఆ కలిపేవాళ్లకి లాభమూ తగ్గింది. కానీ చవక ద్రావకాలు కలిపే ప్రమాదం పూర్తిగా పోయిందనలేం.

అయితే కల్తీ పెట్రోలు పోస్తే మైలేజీ ఒక్కటే తగ్గి ఊరుకోదు. కిరోసిన్‌కి ఆక్టేన్ విలువ తక్కువ. దాంతో ఎత్తు ఎక్కేటప్పుడు, పికప్ ఇచ్చినప్పుడు ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తుంది, నిలబెట్టినప్పుడు వణుకుతుంది, పొగ తేడాగా వస్తుంది. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలగొచ్చు. ఇవేవీ లేకుండా, బండి ఎప్పట్లానే హాయిగా నడుస్తూ మైలేజీ మాత్రమే తగ్గిందంటే... కల్తీని అనుమానితుల జాబితాలో చివరికి జరపొచ్చు.

వానాకాలంలో మరో సమస్య ఉంది. బంకుల్లో పెట్రోలు భూమిలోని ట్యాంకుల్లో ఉంటుంది. అందులోకి నీళ్లు చేరితే పెట్రోలులోని ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది. ఆ అడుగు సరుకు మన బండిలోకి వస్తే మైలేజీ లెక్క చూసుకునేదాకా ఆగక్కర్లేదు. బండే ఆగిపోతుంది! 2025 జూన్‌లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి రత్లాంలో ఎదురైంది ఇలాంటిదే. నీళ్లు కలిసిన డీజిలు పోయించుకున్న 19 వాహనాలు దారిలో నిలిచిపోయాయి. ఆ బంకుకి సీలు వేశారు.

పెట్రోలు మారిన మాట నిజమే

'పెట్రోలు ముందులా లేదు' అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. కాకపోతే అది కల్తీ కాదు, ప్రభుత్వం అమలు చేస్తున్న విధానం. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసిన ఇథనాల్‌ని పెట్రోలులో కలుపుతున్నారు. 2022 నాటికి ఆ వాటా 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన ఈ-20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని రాష్ట్రాల్లోని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా పరుచుకుంది.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. ఆ మేరకు మైలేజీ తగ్గాల్సిందే. ఎంత తగ్గుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక అంచనా ప్రకారం... ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది, 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ-20 వాడితే 6 నుంచి 7 శాతం, ఆ తరహా ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుంది. 10 శాతం కోసం రూపొంది, 20కి సర్దుబాటు చేసిన కార్లలో ఈ తగ్గుదల 1-2 శాతమే.

అంటే 17 ఇచ్చే కారుకి మహా అయితే ఓ కిలోమీటరు. పైగా ఈ మార్పు అందరికీ వచ్చింది, మెల్లగా వచ్చింది. ఒక్క నెలలో, ఒక్క కారుకే మూడు కిలోమీటర్లు పడిపోయిందంటే కారణం వేరే ఉన్నట్టే.

ఇంటిదొంగలు వీళ్లే

గాలి: టైర్లలో గాలి తగ్గితే బండి బరువుగా కదులుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి. కంటికి టైరు నిండుగా కనిపించినంత మాత్రాన గాలి సరిపోయినట్టు కాదు.

బ్రేకు: వానకి తడిసిన బ్రేకులు ఒక్కోసారి పట్టేసి పూర్తిగా వదలవు. కొంతదూరం నడిపి ఆపాక ఒక చక్రం దగ్గరే వేడి సెగ కొడుతుంటే అదే గుర్తు. తాకితే చెయ్యి కాలుతుంది, జాగ్రత్త.

చిన్న ప్రయాణాలు: ఇంజిన్ వేడెక్కేదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మూడు, నాలుగు కిలోమీటర్ల తిరుగుళ్లే ఎక్కువైతే సగం దారి ఆ వేడెక్కడానికే సరి. దానికి ఏసీ, సిగ్నళ్లు తోడైతే చెప్పక్కర్లేదు.

సెన్సరు, ప్లగ్గులు: పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు పాడైతే ఇంజిన్‌కి ఎంత పెట్రోలు అందించాలో తెలియక ఎక్కువ పోసేస్తుంది. మైలేజీ బాగా పడిపోవడానికి ఇదో పెద్ద కారణం. అరిగిన స్పార్క్ ప్లగ్గులదీ అదే దారి.

కాలు: క్లచ్ మీద కాలు పెట్టి నడపడం, ఒక్కసారిగా తొక్కి మరుక్షణం బ్రేకు వెయ్యడం... ఈ దొంగని ఏ మెకానిక్కూ పట్టుకోలేడు.

మైలేజీ సరిగ్గా తెలియాలంటే కారు తెర మీద కనిపించే అంకెని పూర్తిగా నమ్మకూడదు. అది అంచనా మాత్రమే. ట్యాంకు నింపి, గన్ తనంతట తాను ఆగిన దగ్గరే ఆపించి, కిలోమీటర్లు రాసుకోవాలి. మూడు, నాలుగొందల కిలోమీటర్లు తిరిగాక వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపాలి. తిరిగింది 440 కిలోమీటర్లు, పట్టింది 31.4 లీటర్లు అయితే మైలేజీ 14. ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. కనీసం మూడుసార్లు చూడాలి.

పొద్దున్నే పోయిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందన్నది కూడా నమ్మకమే. భూమిలోని ట్యాంకులో రోజంతా వేడి పెద్దగా మారదు. వందకి బదులు 110 రూపాయలకి పోయించుకోవడమూ అంతే. పంపులోనే మోసం ఉంటే అంకె మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

అడగండి... అది మీ హక్కు!

* కాగితం పరీక్ష: బంకులో వడపోత కాగితం అడిగితే ఇవ్వాలి. గన్ మూతి శుభ్రంగా తుడిచి దానిమీద ఒక్క చుక్క వెయ్యాలి. రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతే మంచిదే. మరక మిగిలితే అనుమానించాలి.

* సాంద్రత: ప్రతి బంకులో రోజూ పెట్రోలు సాంద్రత రాసి ఉంచుతారు. కావాలంటే మీ ముందే కొలిచి, 15 డిగ్రీల ఉష్ణోగ్రతకి లెక్కగట్టి చూపించాలి. రాసినదానికీ వచ్చినదానికీ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. తెలివిగా కలిపిన ద్రావకాలు ఈ పరీక్షకి దొరక్కపోవచ్చు. అందుకే చివరిమాట ప్రయోగశాలదే.

* అయిదు లీటర్ల కొలత: తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్ర బంకులో ఉండాలి. అందులో పోయించి చూడొచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉంటే ఫిర్యాదు చెయ్యొచ్చు.

* ఫిర్యాదు: బిల్లు తప్పకుండా తీసుకోండి. బంకులోని ఫిర్యాదుల పుస్తకంలో రాయొచ్చు. అక్కడ రాసి ఉంచిన కంపెనీ అధికారి నంబరుకి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మీరు సీసాలో పట్టుకెళ్లిన పెట్రోలు సాక్ష్యంగా నిలబడటం కష్టం. అధికారులే నమూనా తీసి సీలు వేసి పరీక్షకి పంపాలి. కల్తీ రుజువైతే డీలర్‌షిప్పే రద్దవుతుంది.

ఇంతకీ విజయవాడ కారు కథేమైంది? చివరికి డైరీయే అసలు సంగతి చెప్పింది. అంతకుముందు రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి హైవే మీద ఒకటే పరుగు. జూన్‌లో బళ్లు తెరిచాక కూతుర్ని దించడానికి బెంజి సర్కిల్ మీదుగా పొద్దునా సాయంత్రం నాలుగేసి కిలోమీటర్లు, ఏసీతో, ఆగుతూ ఆగుతూ. మరో మెకానిక్ బండిని పైకెత్తి చక్రాలు తిప్పి చూశాడు. వెనక చక్రం ఒకటి బిగుసుకుపోయి ఉంది. 33 ఉండాల్సిన టైర్లలో గాలి 24 మాత్రమే ఉంది. బ్రేకు బాగు చేయించి, గాలి కొట్టించాక మైలేజీ 16కి వచ్చింది. మిగిలిన ఆ ఒక్క కిలోమీటరూ కూతురి బడిదని ఆయనే ఖర్చు రాసేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం కారు పాత బంకుకే వెళ్లింది. ముందు యజమాని దగ్గరికెళ్లి పొరపాటు తనదేనని చెప్పాడు. పోయిన రెండ్రోజుల కూలీ ఆ అబ్బాయి చేతిలో పెట్టబోతే తీసుకోలేదు.

'అవేం వద్దులే సార్. ముందు మీటర్లో సున్నా చూసుకోండి' అన్నాడు గన్ అందుకుంటూ.