అభయమిచ్చిన తీరం
జనం లేని బీచ్ కోసం బయల్దేరితే వేటపాలెం దిగువన 780 ఏళ్ల నాటి మాట ఒకటి ఎదురైంది

‘ఈసారి ముఖచిత్రం బీచ్‌ల మీద. అందరికీ తెలిసినవి వద్దు, జనం పల్చగా ఉండేవి కావాలి. గురువారానికల్లా కాపీ ఇచ్చెయ్యాలి.’ ఎడిటర్ గారు అప్పగించిన పని ఇది. మధ్యధరా సముద్రంలోని దీవులకు వెళ్లే యూరప్ యాత్రికులు కూడా ఇదే వెతుక్కుంటారు: హోటళ్లకు దూరంగా, గొడుగులు పాతని ఇసుక. మనకు అంత దూరం అక్కర్లేదు. విజయవాడ-గూడూరు రైలు మార్గంలో వేటపాలెం దగ్గర దిగితే చాలు.

ఈ వైపు తీరంలో పేరున్నవి మూడు. బాపట్ల పక్కన సూర్యలంక, చీరాల పక్కన వాడరేవు, వేటపాలెం మండలంలో రామాపురం. శని, ఆదివారాల్లో గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలంటే ఇసుక కనపడనంత జనం. కానీ రామాపురం దాటి దక్షిణానికి నడిస్తే కఠారివారిపాలెం, పొట్టిసుబ్బయ్యపాలెం, పుల్లరిపాలెం వంటి మత్స్యకార పల్లెలొస్తాయి. రిసార్టుల గోడలు, మైకులు వెనకబడిపోతాయి. సరుగుడు తోటల గాలి, ఒడ్డుకు లాగిన పడవలు, వాటి నీడన కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్లు, ఇసుక మీద ఎండుతున్న చేపలు. నాకు నచ్చిన తీరం ఇదే. ఇంకాస్త కిందికి వెళితే చినగంజాం మండలంలో మోటుపల్లి. ఇక్కడ దొరికిన ఒక రాతి స్తంభం నా కథనాన్నంతా తనవైపు తిప్పుకుంది.

స్తంభం చెప్పిన మాట

మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మండపంలోని స్తంభం అది. దాని మీద కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీస్తుశకం 1244-45లో, చెక్కించిన శాసనం ఉంది. చరిత్ర పుస్తకాల్లో ‘అభయ శాసనం’గా చదువుకున్నదే. పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా దాన్ని దాటి వచ్చేశాం. ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటిలో అచ్చయిన పాఠాన్ని ఈ కథనం కోసం నిదానంగా చదివితే, అది ఒడ్డుకు చేరిన మనిషి గురించి రాసిన పత్రమని అర్థమైంది.

అందులో ఉన్న సంగతి ఇదీ. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడలు తుపానులో చిక్కుకుని, పగిలి, ఈ తీరానికి కొట్టుకొచ్చేవి. వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సమస్తాన్నీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. అలా చేశారని శాసనం దాచకుండా చెబుతుంది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాను ఆ పద్ధతి మానేస్తున్నానని, న్యాయంగా నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు.

ఉత్త మాటతో సరిపెట్టలేదు, లెక్కా రాయించాడు. ఎగుమతి, దిగుమతుల మీద ముప్పయింట ఒక వంతు. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు: సరుకు సరుకుకీ ఎంత కట్టాలో వివరం ఉంది. అధికారి నోటి మాటకు వదిలేయకుండా రాతి మీదే చెక్కించాడు. ఓడ మునిగి, కట్టుబట్టలతో ఒడ్డెక్కిన పరాయి దేశస్థుడికి ‘నీ సొమ్ము నీదే’ అని చెప్పిన రాజ్యం మన తీరాన ఉండేదని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంది.

తర్వాతి చరిత్ర గబగబా: 13వ శతాబ్ది చివర్లో మార్కోపోలో ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ పేరుతో రాశాడు. పాలించేది రాణి అన్నాడు, వజ్రాలనూ సాలెగూడంత పల్చని నూలు బట్టలనూ మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి అన్నది చరిత్రకారుల మాట. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి ఇక్కడే మళ్లీ శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూములిస్తామని, వెళ్లాలంటే ఆపబోమని హామీ ఇచ్చాడు. రెడ్డి రాజుల తర్వాత రేవు వెలుగు తగ్గింది. ఓడలు పోయాయి, పడవలు మిగిలాయి. చీరాల, వేటపాలెం మగ్గాలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి.

మనం కట్టాల్సిన సుంకం

అప్పుడు తీరం వచ్చినవాడికి మాట ఇచ్చింది. ఇప్పుడు వచ్చేవాళ్లం మనం తీరానికి మాట ఇవ్వాలి. మధ్యధరాలోని సార్డీనియా దీవిలో లా పెలోసా బీచ్‌కు వేసవిలో రోజుకు 1,500 మందినే రానిస్తారు. రుసుము తీసుకుంటారు, తువ్వాలుకు ఇసుక అంటుకుపోకుండా కింద చాప వేసుకోమంటారు. అదే దీవి పక్కన బుదెల్లిలో గులాబీ రంగు ఇసుక తీరాన్ని 1990లలోనే జనానికి మూసేశారు. ఇసుకను గుప్పిళ్లతో పట్టుకుపోయారు మరి. జనం ముంచెత్తాక చట్టం తెచ్చుకున్నారు వాళ్లు. మనకింకా ఆ పరిస్థితి రాలేదు, రానివ్వకూడదు.

ఈ పల్లెల ఒడ్డు మత్స్యకారులకు పని చేసుకునే చోటు. పడవ దగ్గర తాగి సీసా పగలగొడితే, ఆ పెంకు మర్నాడు వల లాగేవాడి కాలికి దిగుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. వేసవి సెలవుల్లో మనం ఖాళీగా చూసి ముచ్చటపడే తీరం వాళ్లకు చేతిలో డబ్బాడని తీరం. ఆ రోజుల్లో వెళితే ఊళ్లోనే తినండి, ఎండుచేపలు బేరమాడకుండా కొనండి.

బాక్స్: దిగే ముందు
జనం లేని తీరంలో గజ ఈతగాళ్లూ ఉండరు. 2024 జూన్‌లో రామాపురం తీరంలో స్నానానికి దిగిన నలుగురు యువకులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత పోలీసులు కొన్నాళ్లు సందర్శకులను రానివ్వలేదు. అలలు విరగకుండా నున్నగా కనబడే చోటే ఎక్కువ ప్రమాదం: ఒడ్డుకొచ్చిన నీరంతా అక్కడి నుంచే సముద్రంలోకి తిరిగి లాగుతుంది. లాగుడులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. ‘అక్కడ దిగమాకండి’ అని పల్లెవాళ్లు అంటే వెనక్కి వచ్చేయండి.

బాక్స్: తాబేళ్లు వచ్చే రోజులు
జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుగు కనబడిన వైపే పాకుతాయి. చలిమంటలు, కారు లైట్లు ఉంటే సముద్రం వదిలి ఇటే వచ్చి చచ్చిపోతాయి.

బాక్స్: దారిలో
వేటపాలెంలో ఆగితే సారస్వత నికేతనం చూడండి. 1918లో మొదలైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. తిరిగెళ్లేటప్పుడు వేటపాలెం జీడిపప్పు ఎటూ కొంటారు.

ఈ కథనం చదివి పదిమంది ఆ పల్లెల వైపు బయల్దేరితే అక్కడి ప్రశాంతత తగ్గదా అన్న భయం నాకు ఉంది. అయినా రాశాను, ఎందుకంటే వెళ్లేవాళ్లు ఎలాగూ వెళతారు, తెలిసి వెళ్లడం మేలు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ మొత్తం తిరిగి తెచ్చుకోండి, స్పీకర్లు ఇంట్లో వదిలేయండి, పడవల మీద ఎక్కి ఫొటోలు దిగే ముందు ఆ పడవ మనిషిని అడగండి. మోటుపల్లికి తప్పకుండా వెళ్లండి, ఆ స్తంభం ముందు ఒక్క పది నిమిషాలు నిలబడండి. దానికి ఒక మంచి సూచిక బోర్డు, శాసనం అర్థాన్ని తేలిక తెలుగులో రాసిన ఫలకం పెట్టమని పురావస్తు, పర్యాటక శాఖలను అడుగుతున్నాను. మీరూ అడగండి.