ఏప్రిల్ ఫూల్ - కథ ఎంత, నిజం ఎంత?

ఏప్రిల్ 1వ తేదీ ఉదయం. "మేష్టారూ, మీ చొక్కా వెనకాల సిరా మరక!" అంటాడొక కుర్రాడు. నేను వెనక్కి తిరిగి చూసుకుంటానో లేదో, "ఏప్రిల్ ఫూల్!" అని క్లాసంతా ఒకటే కేక. ఈ ఆట మీరూ ఆడే ఉంటారు. మరి ఇది ఎలా పుట్టిందో తెలుసా?

తరచుగా చెప్పే కథ ఒకటి ఉంది. పూర్వం ఫ్రాన్సులో చాలాచోట్ల కొత్త సంవత్సరం వసంతకాలంలో మొదలయ్యేది. 1564లో తొమ్మిదవ చార్లెస్ రాజు జనవరి 1నే సంవత్సరాదిగా శాసనం చేశాడు. పాత పద్ధతిని వదలని వారిని తక్కినవారు వెర్రివాళ్లని ఆట పట్టించారట. అదే ఏప్రిల్ ఫూల్ అయిందట!

కథ బాగానే ఉంది. కాని తేదీలు సరిచూడండి. ఫ్లాండర్స్ కవి ఎడ్వర్డ్ డి డేనె 1561లోనే ఒక హాస్య కవిత రాశాడు. అందులో ఒక యజమాని ఏప్రిల్ 1న నౌకరును పనికిమాలిన పనుల మీద ఊరంతా తిప్పుతాడు. అంటే శాసనానికి మూడేళ్లు ముందే ఈ ఆట ఉందన్నమాట. కారణం కంటె ఫలితం ముందు రాదు కదా! కనుక ఆ కథ నిలవదు. అసలు పుట్టుక చరిత్రకారులకు ఇంకా తేలలేదు.

ఆచారాలు దేశానికొక తీరు. ఫ్రాన్సులో పిల్లలు కాగితపు చేపను ఎదుటివాడి వీపుకు అంటించి "ఏప్రిల్ చేప!" అని అరుస్తారు. స్కాట్లండులో ఒక అమాయకునికి అంటించిన ఉత్తరం ఇచ్చి పంపేవారు. "ఇతన్ని ఇంకొకరి దగ్గరికి పంపండి" అని అందులో ఉండేది! ఇంగ్లండులో మధ్యాహ్నం 12 దాటాక ఆట పట్టించేవాడే ఫూల్. 1698లో లండన్ కోటలో సింహాలకు స్నానం చేయిస్తారని నమ్మి కొందరు చూడబోయారు.

శాస్త్రం పేరుతోనూ మోసపోవచ్చు. 1976 ఏప్రిల్ 1న ఖగోళజ్ఞుడు పాట్రిక్ మూర్ బి.బి.సి. రేడియోలో ఇలా చెప్పారు: "ఉదయం 9-47కి ప్లూటో గురుగ్రహం వెనక్కి వస్తుంది. భూమి ఆకర్షణ కాస్త తగ్గుతుంది. ఆ క్షణంలో ఎగిరితే తేలినట్లుంటుంది." తాము నిజంగా తేలామని కొందరు శ్రోతలు ఫోను చేశారు!

ఇప్పుడు లెక్క వేద్దాం. గురుగ్రహం ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు. కాని దగ్గరకు వచ్చినప్పుడు కూడా అది మనకు సుమారు 59 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్కన 40 కిలోల విద్యార్థిపై గురుగ్రహం లాగుడు దాదాపు 1.5 మిల్లీగ్రాముల బరువుకు సమానం. బియ్యపు గింజలో ఐదో వంతు కూడా కాదు! ఇక చంద్రుడికంటె చిన్నదైన ప్లూటో మాట చెప్పనక్కరలేదు.

మరి ఆ శ్రోతలు అబద్ధమాడారా? కానక్కరలేదు. తేలతామని ముందే నమ్మారు, తేలినట్లే అనిపించింది. అనిపించడం వేరు, కొలిచి చూడడం వేరు.

ఈ ఏప్రిల్ 1న మీరూ సరదాగా ఆడుకోండి. కాని ఎవరికీ దెబ్బ గాని, గుండె బెదురు గాని కలిగించకండి. మిగతా 364 రోజులూ ఎవరైనా వింత చెబితే మాత్రం తేదీలు చూడండి, లెక్క కట్టండి. ఆ తర్వాతే నమ్మండి.