ఆంగ్ల జాతీయములను మన బాలబాలికలకు బోధించు విధము

ప్రతి భాషయందును రెండు విధములైన మాటలు కలవు. కొన్నిటి యర్థము పదములను విడివిడిగ నెఱిగినంతనే తెలియును. మఱికొన్నిటియందు పదములన్నియు తెలిసినను భావము తెలియదు. “అతడు కాళ్లకు బలపము కట్టుకొని తిరుగుచున్నాడు” అని మన యింట అవ్వ చెప్పినయెడల ఎవరును అతని కాళ్లవంక చూడరు; ఊరూర తిరుగుచున్నాడని వెంటనే గ్రహింతురు. మన భాషను క్రొత్తగ నేర్చుకొను పరదేశి మాత్రము, పలకపై వ్రాయు బలపమును కాలికేల కట్టుకొనెనని ఆశ్చర్యపడును. అతడు నిఘంటువును తెఱచినను కాలు, బలపము, కట్టు అను పదములు దొరకునుగాని ఆ భావము దొరకదు. ఇట్లు పదముల మొత్తమును మించిన యర్థము గలిగి, ఒక జాతివారి వాడుకచే స్థిరపడిన పలుకుబడిని జాతీయమందురు. నుడికారమనియు చెప్పుదురు.

జాతీయము వేఱు, సామెత వేఱు. “తాటిచెట్టేల యెక్కితివనగా దూడగడ్డికొఱకు” అనునది సామెత; దానికదియే నిండైన వాక్యము. “పెడచెవిని పెట్టుట” అనునది జాతీయము. ఎవరు, ఎవరి మాటను, ఎప్పుడు అను సంగతులు చేర్చినగాని అది వాక్యము కాదు. ఈ భేదమును పిల్లలకు ముందుగ తెలుపుట మంచిది. ఏలయన సామెతను ఉన్నదున్నట్లు అప్పగింపవచ్చును. జాతీయమును మాత్రము కాలమునకును, కర్తకును తగినట్లు మార్చి వాడుట నేర్వవలెను.

ఈ విషయమును ఇప్పుడు ప్రత్యేకముగ చెప్పవలసిన కారణము కలదు. మన ప్రాంతపు బిడ్డలకు బడిభాష ఇంటిభాషకంటె వేఱుగ నుండుట క్రొత్త కాదు. నిజాము రాజ్యమున 1948వఱకు ప్రభుత్వోన్నత పాఠశాలలందు బోధన ఉర్దూలో జరిగెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష ఉర్దూయే. తరువాత తెలుగు వచ్చెను. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలందు ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడెను. ఒక పుట తెలుగు, ఎదుటిపుట ఆంగ్లముగ ముద్రించిన పుస్తకములు పిల్లల చేతికి వచ్చెను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని తండాలనుండి లంబాడీ మాటలాడు పిల్లలును, అడవిపల్లెలనుండి కోయభాష మాటలాడు పిల్లలును బడికి వచ్చుచున్నారు. వారికి తెలుగే రెండవ భాష, ఆంగ్లము మూడవది.

అట్టి బిడ్డ కష్టపడి పదములు నేర్చును, వర్ణక్రమము నేర్చును, వ్యాకరణమును నేర్చును. ఒకనాడు పాఠములో “ది ఓల్డ్ ఫార్మర్ కిక్‌డ్ ద బకెట్” అను వాక్యము వచ్చును. ముసలి రైతు బాల్చీని తన్నెననియు, పాలు నేలపాలైనవనియు అతడు వ్రాయును. నిజమునకు ఆ రైతు మరణించెనని భావము. తరగతి నవ్వును. పదములన్నియు తెలిసియు తనకు తెలియలేదేయని ఆ బిడ్డ తనను మందబుద్ధిగ నెంచుకొనును. నాటినుండి నోరు తెఱువడు. ఇచట పోయినది ఒక మార్కు కాదు, బిడ్డ ధైర్యము. తెలిసిన పదములనుండి తెలియని భావమును ఊహించుటకు ప్రయత్నించినవాడు మందబుద్ధి కానేరడు. కావున ఆ నవ్వును మాన్పుట ఉపాధ్యాయుని మొదటి పని.

అందుల కుపాయ మేమనగా, ఆంగ్ల జాతీయమునకు ముందు పిల్లల నోటనున్న జాతీయములను వారికి చూపుటయే. “చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పుట,” “గుండె రాయి చేసికొనుట,” “గోరంతలు కొండంతలు చేయుట” మొదలైన వానిని నల్లబల్లపై వ్రాసి, వీనిని పదమునకు పదముగ ఆంగ్లములో చెప్పినచో ఆంగ్లేయుడేమనుకొనునని అడుగవలెను. అప్పుడు పిల్లలే నవ్వుదురు. ఆ నవ్వు ఒకరిని చిన్నబుచ్చునది కాదు. ప్రతి భాషయు ఇట్టిదేయని దానివలన వారికి బోధపడును. తండానుండి వచ్చిన బిడ్డను లంబాడీలో నొకటి, కోయపల్లెనుండి వచ్చిన బిడ్డను కోయభాషలో నొకటి చెప్పుమనవలెను. తరగతిలో ఎవరికిని తెలియని భాషలో తానొక్కడే పండితుడైన దినమును ఆ బిడ్డ మఱచిపోడు.

పిమ్మట ఆంగ్ల జాతీయములను మూడు తరగతులుగ విభజించి చెప్పుట సులభము.

మొదటి తరగతిలోనివి రెండు భాషలందును ఒకే చిత్రము గలవి. “టర్న్ ఎ డెఫ్ ఇయర్” అనగా పెడచెవిని పెట్టుట. “ఔట్ ఆఫ్ ద ఫ్రయింగ్ పాన్ ఇంటు ద ఫైర్” అనగా పెనము మీదనుండి పొయ్యిలో పడుట. “వాష్ వన్స్ హ్యాండ్స్ ఆఫ్” అనగా బాధ్యత తనది కాదని చేతులు కడుగుకొనుట; దీనికి మూలము మత్తయి సువార్త యిరువది యేడవ అధ్యాయములో పిలాతు జనులయెదుట చేతులు కడుగుకొనిన సంగతి. “ద యాపిల్ ఆఫ్ వన్స్ ఐ” అనునది మిక్కిలి వింతయైనది. కంటి నడుమనున్న నల్లని గుండ్రని భాగమును పూర్వపు ఆంగ్లేయులు పండుతో పోల్చి యాపిల్ అనిరి. అత్యంత ప్రియమైనదని దాని భావము. మనము కంటిపాప అందుము, అనగా కంటిలోని శిశువు. లాటిన్ భాషలో దీనిని పుపిల్లా అందురు, అనగా చిన్నబొమ్మ. హెబ్రీ భాషలోని మాటకు చిన్న మనుష్యుడని యర్థము చెప్పుదురు. ఎదుటివాని కంటిలో మన రూపము చిన్నదిగ కనబడుటయే వీనికన్నిటికి కారణము. ఆంగ్లములో విద్యార్థికి చెప్పు ప్యూపిల్ అను మాటయు ఆ లాటిన్ కుటుంబములోనిదే. ఈ సంగతి చెప్పిన దినమున పిల్లలు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొని తమ బొమ్మలను వెదకుకొందురు. ఆ జాతీయము వారికి మరల చెప్పనక్కఱలేదు.

రెండవ తరగతిలో భావమొకటియే, చిత్రము వేఱు. ఏ జాతి తనకు దగ్గఱనున్న వస్తువులతోనే చిత్రములు కల్పించుకొనును. బాధపడువానిని మఱింత బాధించుటకు ఆంగ్లేయుడు గాయముపై ఉప్పు రుద్దుట యనును. మనము పుండుమీద కారము చల్లుట యందుము. మహబూబాబాద్ ప్రాంతమున ఎఱ్ఱని మిరపకాయలు ఆరబోసిన కల్లములను చూచిన బిడ్డకు ఈ భేదము విప్పి చెప్పవలసిన పనిలేదు. ఇంగ్లండు సముద్రము చుట్టుకొనిన ద్వీపములోని దేశము; కావున ఆ భాషలో ఓడల మాటలు మెండు. “లెర్న్ ద రోప్స్” అనగా పనిలోని మెలకువలు నేర్చుట. ఓడ తెరచాపల త్రాళ్లను ఎఱుగుట దాని మూలము. “షో వన్స్ ట్రూ కలర్స్” అనగా నిజస్వరూపమును బయటపెట్టుట. ఓడపై నెగురవేయు జెండా దానికి మూలము. సముద్రమును చూడని జనగామ బిడ్డకు ఓడ బొమ్మను గీచి చూపి, తరువాత ఈ మాటలు చెప్పవలెను.

బొగ్గుగనుల భూపాలపల్లి పిల్లలకు మాత్రము “క్యారీ కోల్స్ టు న్యూకాసిల్” అను జాతీయము అరచేతిలోని ఉసిరికాయ వంటిది. టైన్ నదీతీరముననున్న న్యూకాసిల్ పట్టణమునుండి పూర్వము ఓడలమీద లండనుకు బొగ్గు పోయెడిది. అట్టి చోటికే బొగ్గు మోసికొని పోవుట వ్యర్థప్రయాస గదా! భూపాలపల్లికి బొగ్గు తీసికొనిపోయినట్లు అని చెప్పిన చాలును, సింగరేణి కార్మికుని బిడ్డ తక్షణమే గ్రహించును.

మూడవ తరగతిలోనివి కథ తెలిసినగాని తెలియనివి. “ద రైటింగ్ ఆన్ ద వాల్” అనగా రాబోవు కీడునకు సూచన. దానియేలు గ్రంథములో బెల్షస్సరు విందు చేయుచుండగా గోడపై చేతివ్రేళ్లు వ్రాసిన సంగతి తెలిసినవానికే ఇది స్పష్టమగును. “క్రాస్ ద రూబికన్” అనగా వెనుకకు మరలరాని నిశ్చయము చేయుట. క్రీస్తుపూర్వము 49వ సంవత్సరమున జూలియస్ సీజరు సేనతో ఆ పేరుగల యేరు దాటుటచే అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. “సోర్ గ్రేప్స్” కథ ఈసపు నక్కది. అందని ద్రాక్షలు పుల్లన యని మనకును వచ్చినది.

ఇచట నొక జాగ్రత్త అవసరము. ప్రతి జాతీయమునకు ఏదియో యొక కథ అల్లు అలవాటు లోకమున కలదు. “రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్” అనగా కుండపోతగ వాన కురియుట. 1738లో జోనాథన్ స్విఫ్టు తన సంభాషణ గ్రంథమున దీనిని వాడెను. గడ్డికప్పులపైనుండి పిల్లులును కుక్కలును జారిపడుటచే ఈ మాట పుట్టెనని కొందఱు చెప్పు కథకు ఆధారము లేదు. మూలము తేలని చోట తేలలేదనియే పిల్లలకు చెప్పవలెను.

బోధనాక్రమమును సంగ్రహముగ చెప్పెదను. జాతీయమును పట్టికలో నిచ్చి కంఠస్థము చేయింపరాదు. మొదట నొక చిన్న సన్నివేశమును చెప్పి, అందులో జాతీయమును వాడి, భావమును పిల్లలచే ఊహింపజేయవలెను. తరువాత దాని పదార్థమునకు తగిన బొమ్మను గీయింపవలెను. పిమ్మట వారి యింటిభాషలో సమానమైన పలుకుబడిని అడుగవలెను. కడపట తమ జీవితమునుండియే మూడు వాక్యములు వ్రాయింపవలెను. వారమునకు రెండు చొప్పున ముప్పది వారములలో అఱువది జాతీయములగును; హైస్కూలు బిడ్డకు ఒక యేడాదికి అవి చాలును.

వానినైనను ఏరి నేర్పవలెను. అలంకారములవంటి పెద్ద జాతీయములకంటె ప్రతిదినము వినబడు చిన్నవి ముఖ్యము. “పుట్ ఆఫ్” అనగా వాయిదా వేయుట, “పుట్ అవుట్” అనగా ఆర్పుట, “పుట్ అప్ విత్” అనగా సహించుట. ఇదేమి వింతయని పిల్లలడిగినచో మన “పెట్టు” అను క్రియను చూపవలెను. పేరు పెట్టుట, ముద్దు పెట్టుట, వంకలు పెట్టుట – ఈ మూటియందు దేనిని ఎక్కడ పెట్టుచున్నాము? జపానులో ఆంగ్లోపాధ్యాయుడుగ నుండిన ఏ. ఎస్. హార్న్‌బీ, పరభాషీయులకు ఇట్టి పలుకుబడులే కష్టమని యెఱిగి, జాతీయములకును వాక్యనిర్మాణమునకును ప్రాధాన్యమిచ్చిన నిఘంటువును తోడివారితో కలిసి కూర్చెను. అది 1942లో టోక్యోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డువారిచే మరల ముద్రింపబడెను. ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై మన హైదరాబాదునందే 1958లో నొక కేంద్రసంస్థ ఏర్పడెను. నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము దాని పెరుగుదలయే.

ఔచిత్యమును నేర్పుట మఱువరాదు. “కిక్ ద బకెట్” పరిహాసపు మాట. మన వాడుకలోను బాల్చీ తన్నెనని వేళాకోళముగ నందురు. పెద్దలు పరమపదించిన యింట, ప్రభువునందు నిద్రించిన వారి బంధువుల యెదుట, ఆ మాట అనుట క్రూరత్వము. ఏ మాట ఎవరియెదుట తగునో తెలియనివానికి ఆ మాట వచ్చినట్లు కాదు. అట్లే జాతీయములోని పదములను ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. బకెట్టుకు బదులు కుండ యన్నచో అది నిజముగ కుండను తన్నుటయే యగును. వ్యాసములో వాక్యవాక్యమునకు నొకటి చొప్పున క్రుక్కుటయు తగదు. కూరకు ఉప్పు కావలెనుగాని ఉప్పే కూర కాదు.

తలిదండ్రులారా! మాకు ఆంగ్లము రాదు, మేమేమి నేర్పగలమని మీలో పలువురు చెప్పుచుందురు. మీకు వచ్చినదియే ఇచట కావలసినది. పాల్కురికి సోమనాథుడు పుట్టిన పాలకుర్తియు, పోతన పేరుతో వెలసిన బమ్మెరయు జనగామ జిల్లాలోనివే. సామాన్యులకు తెలియవలెనని సోమనాథుడు దేశి ద్విపదను చేపట్టి జాను తెనుగును మెచ్చుకొనెను. అట్టి భాష మీ నోట నున్నది. మఱియు మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకలునకు తిరునెల్వేలి సీమనుండి వచ్చి, 1912లో అభిషిక్తుడైన బిషప్ అజరయ్యగారు పుట్టుకచే తమిళులు. పెరిగినపిమ్మట తెలుగు నేర్చి తెలుగువారి నడుమ 1945లో మరణించువఱకు సేవచేసిరి. పరభాష నేర్చుటకు స్వభాషను విడువనక్కఱలేదనుటకు వారే నిదర్శనము. రాత్రి భోజనమువేళ మీ బిడ్డ “దీనిని మనమేమందుము?” అని అడిగినప్పుడు విసుగుకొనక చెప్పుడు. అదియే మీరు చేయదగిన గొప్ప సహాయము.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీకొక పని. “సిట్ ఆన్ ద ఫెన్స్” అనగా ఏ పక్షమునను చేరక యుండుట; “టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్” అనగా నడవడిని దిద్దుకొని క్రొత్తగ మొదలిడుట; “బ్రేక్ ద ఐస్” అనగా క్రొత్తవారిమధ్య సంకోచమును పోగొట్టుట; “లెండ్ ఎ హ్యాండ్” అనగా సాయపడుట; “ఎ డ్రాప్ ఇన్ ద ఓషన్” అనగా అవసరమునకు మిక్కిలి తక్కువయైనది. ఈ యైదింటికి మీ యింటి పెద్దలనడిగి తెలుగులో గాని, లంబాడీలో గాని, కోయభాషలో గాని, ఉర్దూలో గాని సమానమైన పలుకుబడులు వ్రాసికొని రండు. దొరకని వానికి దొరకలేదని వ్రాయుడు; అదియు నొక జ్ఞానమే. బడి తెఱచిన మొదటి వారమున వానినన్నిటిని నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొందము.