ఎడ్లకు బండ.. గోల్ఫర్‌కు బంతి!
- ఊరూరా తిరిగితేనే ఉపాధి
- వృత్తి గోల్ఫ్ టూర్ సాగే తీరు ఇదీ

ఎమ్మిగనూరు: నీలకంఠేశ్వర స్వామి జాతరలో బండలాగుడు పోటీలకు ఎడ్లను తోలుకొచ్చే రైతుకు ఒక లెక్క తెలుసు. లారీ బాడుగ, దాణా, కూలీల ఖర్చు ముందు. బహుమతి తర్వాత. స్థానం దక్కకుంటే పెట్టిన సొమ్ము తిరిగి రాదు. అయినా మరో ఊరి తిరునాళ్లకు బయలుదేరక తప్పదు. వృత్తి గోల్ఫ్ క్రీడాకారుని ఏడాది కూడా దాదాపు ఇలాగే గడుస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో గోల్ఫ్ మైదానం లేనందున ఈ ఆట తీరు ఇక్కడ పలువురికి తెలియదు.

ఎవరు నిర్వహిస్తారు?
2006లో ఏర్పడిన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా (పీజీటీఐ) దేశంలోని పలు నగరాల్లో పురుషుల పోటీలు నిర్వహిస్తోంది. హైదరాబాద్‌లో గోల్కొండ కోట చెంతనున్న మైదానం గోల్కొండ మాస్టర్స్ పోటీకి వేదికైంది. టూర్‌లో చేరగోరే కొత్తవారు అర్హత పోటీల్లో నెగ్గి 'కార్డు' సంపాదించాలి.

రెండు రోజుల గండం
సాధారణంగా ఒక్కో పోటీ నాలుగు రోజులు సాగుతుంది. రోజుకు 18 గుంతల చొప్పున మొత్తం 72 గుంతలు ఆడాలి. తక్కువ దెబ్బలతో బంతిని గుంతల్లో వేసినవారే విజేత. రెండో రోజు ముగిశాక 'కట్' ఉంటుంది. మొదటి 50 స్థానాల్లోని వారు, వారితో సమానంగా నిలిచినవారు మాత్రమే ముందుకు సాగుతారు. మిగిలిన వారికి బహుమతి సొమ్ము ఉండదు. ప్రయాణం, బస, క్యాడీ కూలి ఖర్చులు మాత్రం మీద పడతాయి. ఒక్క దెబ్బ తేడాతో కట్ తప్పినా వారం శ్రమ వృథాయే.

ఏడాది చివరి లెక్క
ప్రతి పోటీలో గెలిచిన సొమ్మును కూడుతూ పోయే పట్టికే 'ఆర్డర్ ఆఫ్ మెరిట్'. ఏడాది ముగిసేసరికి అందులో మొదటి 60 మందిలో ఉంటే కార్డు నిలుస్తుంది. జారినవారు మళ్లీ అర్హత పోటీల మెట్లెక్కవలసిందే. అగ్రస్థానం దక్కితే విదేశాలకు దారి తెరుచుకుంటుంది. 2022లో అగ్రస్థానంలో నిలిచిన మను గండాస్‌కు యూరప్ కేంద్రంగా సాగే డీపీ వరల్డ్ టూర్‌లో ఆడే అవకాశం లభించింది. 2023లో ఓంప్రకాశ్ చౌహాన్, 2024లో వీర్ అహ్లావత్ అదే బాటలో నడిచారు.

సంపన్నుల ఆటేనా?
మైదానాలు క్లబ్బుల చేతుల్లో ఉండటంతో ఇది ధనికుల ఆటగా పేరుపడింది. అయితే 1991లో ఇండియన్ ఓపెన్ నెగ్గిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడు అలీ షేర్ ఒకప్పుడు ఇతరుల సంచులు మోసిన క్యాడీ. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్ఎస్‌పీ చౌరాసియా తండ్రి కోల్‌కతాలోని క్లబ్బులో పచ్చిక సంరక్షకుడు. వీరిద్దరికీ కలిసొచ్చింది డబ్బు కాదు, మైదానానికి దగ్గరగా పెరగడమే.

పొరుగున ఉన్న కర్ణాటకకు చెందిన అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, త్రుటిలో పతకం చేజార్చుకున్నారు. బెంగళూరు బాలికకు చిన్ననాడే చేతికి కర్ర అందింది. మన పల్లె పిల్లల్లో ఆ నేర్పు ఉన్నదో లేదో తేలాలన్నా, ముందు వారికి కర్ర, బంతి, పచ్చిక అందుబాటులోకి రావాలి.